రోజూ హిట్ (HIIT) వ్యాయామం చేసినా పొట్ట తగ్గడం లేదా?

అన్నా, రెండు నెలలుగా ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో రోజూ 20 నిమిషాలు హిట్ (అంటే కాసేపు బాగా గట్టిగా, కాసేపు నెమ్మదిగా మార్చి మార్చి చేసే వ్యాయామం) చేస్తున్నా పొట్ట తగ్గలేదన్నారు కదా, అసలు తేడా ఆ ‘రోజూ’లోనే ఉంది. 30 సెకన్లు మాట కూడా రానంత గట్టిగా పరుగెత్తి, 90 సెకన్లు నడిచి, అలా 8 సార్లు నిజంగా చేసినవాడికి మర్నాడు మళ్లీ చేసే ఓపిక ఉండదు. మీకు ఉందంటే మీరు చేస్తున్నది జాగింగే. రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు చాలు. మిగతా రోజులు నడవండి, కుదిరితే అలిపిరి మెట్లెక్కండి, 3,550 మెట్లు (అక్కడ మాత్రం పరుగులొద్దు, మోకాళ్లు పోతాయి, భక్తులూ తిడతారు). ఇంకోటి, ఆ 20 నిమిషాల్లో ఖర్చయ్యేది మహా అయితే రెండు మూడు వందల క్యాలరీలు, తిరిగొస్తూ రెండు నెయ్యి కారం దోసెలు లాగించేస్తే కథ మళ్లీ మొదటికే. బీపీ ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి.