ఉప్పుగాలి ఊళ్లో కిటికీ అద్దాలు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది లాసన్స్ బే కాలనీలో నాలుగో అంతస్తు. తూర్పు కిటికీల్లోంచి సముద్రం కనిపిస్తుంది. వారానికి రెండుసార్లు సబ్బునీళ్లతో తుడుస్తున్నాను. తడిగా ఉన్నంతసేపూ బాగుంటుంది, ఆరగానే చారలు తేలతాయి. మర్నాడు పొద్దున్నకి మళ్లీ మసక. తప్పు ఎక్కడ?

జవాబు: మీ అద్దం మీద మురికి కన్నా ఉప్పు ఎక్కువ ఉందండీ. అలలు విరిగినప్పుడు లేచే తుంపర గాలితో వచ్చి అద్దానికి పడుతుంది. నీరు ఆరిపోయి ఉప్పు మిగిలిపోతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పు తేమ పీల్చుకుని చెమ్మగిల్లుతుంది. విశాఖలో రాత్రిపూట ఆ మాత్రం తేమ మామూలే. పొద్దున్న మీకు కనిపించే మసక అదే. దాన్ని గుడ్డతో రుద్దితే ఉప్పు పోదు, కరిగి అద్దమంతా పరుచుకుంటుంది. ఆరాక చారలై కనిపిస్తుంది.

ముందు ఉప్పును కడిగెయ్యండి. అందుకు సబ్బు అక్కర్లేదు, ఉత్త నీళ్లు పారితే చాలు. కింది ట్రాక్‌లో పాత తువ్వాలు పరిచి, స్ప్రే సీసాతో పైనుంచి ధార కారేలా కొట్టండి. ఆ తర్వాతే సబ్బు. 5 లీటర్ల నీళ్లకు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క టీస్పూను. నురుగు రావాలని ఎక్కువ పోస్తారు చాలామంది. ఆ మిగిలిన సబ్బే ఆరి చార కడుతుంది.

స్పాంజితో అద్దమంతా తడిపి, ఆరకముందే రబ్బరు అంచున్న గ్లాస్ వైపర్‌తో లాగాలి. పైఅంచున అంగుళం మేర పొడిగుడ్డతో తుడిచి, రబ్బరును ఆ పొడిచోట ఆనించి మొదలుపెట్టండి. తడి మీద మొదలుపెడితే పైనున్న నీరు గీతగా జారుతుంది. ప్రతి లాగుడూ ముందు లాగిన చోటి మీదికి రెండంగుళాలు ఎక్కాలి. లాగిన ప్రతిసారీ రబ్బరు తుడవాలి. చాలా ఇళ్లలో మానేసేది ఈ పనే, చారలు ఎక్కువగా పడేదీ ఇక్కడే. ఎన్నిసార్లు లాగినా ఒకేచోట సన్నగీత వస్తుంటే రబ్బరు అంచు గాటుపడిందన్నమాట, మార్చేయండి.

తూర్పు కిటికీలను పొద్దుటి ఎండలో కడగొద్దు. వేడెక్కిన అద్దం మీద నీళ్లు మీరు వైపర్ అందుకునేలోపే ఆరిపోతాయి. మధ్యాహ్నం మూడు దాటాక మొదలుపెట్టండి. అప్పుడు సముద్రపు గాలి ఉంటుంది కాబట్టి ఒక రెక్క పూర్తిగా అయ్యాకే రెండోది తడపండి. చివరి తుడుపు లోపలివైపు అడ్డంగా, బయటివైపు నిలువుగా తుడిస్తే, మిగిలిన చార ఏ పక్కదో చూడగానే తెలిసిపోతుంది.

నాలుగో అంతస్తులో బయటికి వంగి మాత్రం తుడవకండి. చాలా స్లైడింగ్ రెక్కలు పైకెత్తి లోపలికి తియ్యడానికి వస్తాయి. ఇద్దరు పట్టుకుని దింపి, బాల్కనీలో గోడకు ఆనించి కడగండి. వారానికోసారి ఉత్త నీళ్లు, నెలకోసారి సబ్బు సరిపోతాయి.

ప్రశ్న: జ్ఞానాపురంలో ఉంటాం. కిటికీల మీద నల్లటి దుమ్ము. పొడిగుడ్డతో దులిపి తర్వాత తడి పెడుతున్నాం. అద్దం మీద సన్నటి గీతలు కనిపిస్తున్నాయి.

జవాబు: ఆ గీతలు పొడిగుడ్డతో వచ్చినవి. దుమ్ములో ఇసుకరేణువులు కూడా ఉంటాయి, గుడ్డ కింద నలిగి అద్దాన్ని గీస్తాయి. మెత్తటి బ్రష్‌తో ఒత్తకుండా దులపండి, లేదా నేరుగా నీళ్లు పొయ్యండి. ముందు దోమల నెట్, తర్వాత ట్రాక్, ఆఖరున అద్దం. వరుస తప్పితే నెట్‌లోని నల్లనీళ్లు కడిగిన అద్దం మీదే కారతాయి. ట్రాక్ అడుగున నీళ్లు బయటికిపోయే చిన్న రంధ్రాలుంటాయి, వాటిని పుల్లతో పొడిచి తెరవండి. బకెట్లు రెండు పెట్టుకోండి: ఒకటి సబ్బునీళ్లకు, ఒకటి స్పాంజి జాడించడానికి.

ప్రశ్న: మధురవాడలో మాకు బోరు నీళ్లే. అద్దాల మీద తెల్లటి చుక్కలు, ఎంత రుద్దినా పోవు. బాత్‌రూమ్ యాసిడ్ వాడొచ్చా?

జవాబు: వద్దండీ. ఆ యాసిడ్ అల్యూమినియం ఫ్రేమును తినేస్తుంది. చుక్కలు బోరు నీటిలోని సున్నపు లవణాలు, వాటికి తెల్ల వెనిగర్ చాలు. వెనిగర్, నీళ్లు సమంగా కలిపి, టిష్యూ కాగితాన్ని తడిపి చుక్కల మీద 10 నిమిషాలు అంటించి ఉంచండి. తర్వాత స్పాంజితో తుడిచి బాగా కడగండి. కిటికీ గట్టు పాలరాయైతే ముందు పాలిథిన్ కప్పండి, వెనిగర్ పడితే దాని మెరుపు పోతుంది. బ్లీచింగ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. రెండు మూడు విడతలకూ పోకపోతే అద్దమే దెబ్బతిన్నట్టు, అది వెనిగర్‌తో నయం కాదు.

ఇకమీదట ఆఖరి జాడింపుకి ఏసీ నుంచి కారే నీళ్లు గుడ్డలో వడకట్టి వాడండి, వాటిలో లవణాలు దాదాపు ఉండవు. ఆర్వో మెషీన్ వదిలేసే నీళ్లు మాత్రం పనికిరావు. వాటిలో లవణాలు బోరు నీటికన్నా ఎక్కువ.

ప్రశ్న: పాత న్యూస్‌పేపరుతో తుడిస్తే మంచిదంటారు, నిజమేనా?

జవాబు: కడిగిన అద్దానికి ఆఖరి మెరుగు పెట్టడానికి పర్వాలేదు, కానీ తెల్ల ఫ్రేములకు సిరా అంటుకుంటుంది. మైక్రోఫైబర్ గుడ్డ మేలు. దాన్ని ఉతికేటప్పుడు బట్టలు మెత్తబడడానికి వేసే కండిషనర్ మాత్రం వెయ్యకండి, అది గుడ్డకు పట్టి అద్దం మీద జిడ్డు పూస్తుంది.