లెక్క వచ్చు, నోరు పెగలదు

ప్రశ్న: నేను హైదరాబాదులోని ఒక సర్వీస్ కంపెనీలో నాలుగేళ్లుగా జావా ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్నాను. ప్రొడక్ట్ కంపెనీకి (సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థకు) మారాలని ఏడాదిగా రోజూ రాత్రిళ్లు కోడింగ్ లెక్కలు చేస్తున్నాను. ఇంట్లో అరగంటలో తేలిపోయే లెక్క, ఇంటర్వ్యూలో ఎదుటివారు చూస్తుండగా ఒక్క అడుగు కూడా ముందుకు పడదు. మూడు చోట్ల ఇదే జరిగింది. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివినందువల్ల ఇంగ్లీషులో మాట్లాడుతూ ఆలోచించడం చేతకావడం లేదు. ఇంకా ఎన్ని లెక్కలు చేయాలి? పజిళ్లు కూడా చదవాలా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: పజిళ్లను పక్కన పెట్టండి. విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయి వంటి ప్రశ్నలతో కాలం వృథా తప్ప ఒరిగేదేమీ లేదని, గూగుల్‌లో నియామకాల వ్యవహారం చూసిన లాజ్లో బాక్ 2013లోనే బహిరంగంగా చెప్పారు.

ఇక లెక్కల సంఖ్య పెంచినంత మాత్రాన మీ ఇబ్బంది తీరదు. మీ సాధనలో మాట లేదు, ఇంటర్వ్యూలోనేమో మాటే సగం పని. మీ తలలో నడిచేది ఎదుటివారికి కనబడదు గనుక, మీరు పది నిమిషాలు మౌనంగా ఆలోచిస్తే ఆ పది నిమిషాల గురించి వారు రాసుకోవడానికి ఏమీ ఉండదు.

ఒక ఉదాహరణ చూడండి. కొన్ని సంఖ్యలు ఇచ్చి, ఏ రెండింటిని కూడితే ఫలానా మొత్తం వస్తుందో కనుక్కోమన్నారనుకుందాం. వెంటనే కీబోర్డు మీద పడకుండా, సంఖ్యలు క్రమంలో ఉన్నాయా, ఒకే సంఖ్య రెండుసార్లు రావచ్చా, జవాబు లేకపోతే ఏమి తిరిగి ఇవ్వాలి అని ముందు అడగండి. తరువాత, మెరుగైన ఉపాయం తట్టినా తట్టకపోయినా, ప్రతి సంఖ్యనూ మిగిలినవాటన్నిటితో కూడి చూసే మొరటు పద్ధతిని పైకి చెప్పి, లక్ష సంఖ్యలుంటే దాదాపు 500 కోట్ల జతలు చూడవలసి వస్తుందని లెక్కగట్టండి. ఆ అంకె నోటితో పలికాక, ప్రతి సంఖ్య దగ్గరా ఆగి ‘దీని జోడీ ఇదివరకే వచ్చిందా’ అని హ్యాష్‌మ్యాప్‌లో (చూసిన సంఖ్యలను దాచుకుని, ఒకటి ఉందో లేదో వెంటనే చెప్పే పట్టికలో) చూసుకుంటే ఒక్క చుట్టులో తేలిపోతుందన్న ఆలోచనకు దారి దొరుకుతుంది. కోడ్ రాశాక 3, 5, 8 తీసుకుని, మొత్తం 10 కావాలనుకుని చేత్తో నడిపి చూడండి. సంఖ్యను మ్యాప్‌లో వేశాక వెతికితే ఆ ఒక్క 5 తనకు తానే జోడీ అయి కూర్చుంటుంది. ముందు వెతికి, తరువాత వేయాలి. ఈ తప్పును మీ అంతట మీరే పట్టుకుని దిద్దుకుంటే, మొదటిసారే తప్పులేకుండా రాసినదానికంటే అది తక్కువేమీ కాదని నా అభిప్రాయం.

భాష గురించి అంత బెంగ అక్కరలేదు. ‘ఇది మెల్లగా నడుస్తుంది, ఎందుకంటే రెండు లూపులున్నాయి’ అన్నంత చిన్న వాక్యాలు ఇంగ్లీషులో చెప్పగలిగితే చాలు. వారానికి రెండుసార్లు ఒక మిత్రుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, రన్ బటన్ లేని ఉత్త నోట్‌ప్యాడ్‌లో, 45 నిమిషాల గడువుతో, మాట్లాడుతూ ఒక లెక్క చేసి దాన్ని ఫోనులో రికార్డు చేసుకోండి. (మొదటిది వినడానికి మహా సిగ్గుగా ఉంటుంది, అయినా వినండి.) ఎక్కడ మాట ఆగిందో అక్కడే మీకు ఆలోచన చిక్కుపడిందా, లేక ఇంగ్లీషు మాట దొరకలేదా అన్నది రెండు మూడు రికార్డింగులలో తెలిసిపోతుంది, ఆలోచనే చిక్కుపడిన చోట మాత్రం ఆ తరహా లెక్కలు మరికొన్ని చేయవలసిందే.