సినగాగ్ ఎలాంటిదో తెలియాలంటే జూలైలో వెళ్లండి

"అమెరికాలో యూదుల సినగాగ్‌లు, అంటే ప్రార్థన మందిరాలు, వేసవిలో నడుస్తాయా, స్కూళ్లలాగా సెలవులిచ్చేస్తారా? మనలాంటివాళ్లు వెళ్లి చూడొచ్చా?" అని ఒకరు అడిగారు.

నడుస్తాయి. వెళ్లొచ్చు. ఇంకో మాట కూడా చెబుతాను. ఆ సమాజం ఎలాంటిదో తెలియాలంటే వేసవిలోనే వెళ్లాలి. సెప్టెంబరు, అక్టోబరుల్లో పెద్ద పండుగలప్పుడు పార్కింగ్ దొరకదు. చాలాచోట్ల సభ్యులు కానివాళ్లు టిక్కెట్టు కూడా తీసుకోవాలి. అంత జనంలో ఎవరు భక్తితో వచ్చారో, ఎవరు మొహమాటానికి వచ్చారో కనిపెట్టలేం. జూలైలో తెలిసిపోతుంది.

మాది తెనాలి. మా అమ్మాయి న్యూజెర్సీలో యూదుల అబ్బాయిని పెళ్లి చేసుకుంది, ఆ మతంలోకి మారింది కూడా. దాని మీద ఇక్కడ వాదన పెట్టకండి, అది మా ఇంటి విషయం. పిల్లలు అమెరికాలో ఉన్న అందరిలాగే నేనూ మే నెలలో విమానం ఎక్కుతాను, ఆగస్టు చివర దిగుతాను. ఒక్క ఏడాది మాత్రం అక్టోబరు దాకా ఉన్నాను. కాబట్టి నాకు బాగా తెలిసింది వేసవి సినగాగే. నన్ను తీసుకెళ్లేది మా వియ్యపురాలు. నేను వదినగారూ అంటాను, ఆవిడా నన్ను "వదినా" అనే పిలుస్తుంది. వాళ్లది కన్సర్వేటివ్ శాఖ. మరీ ఛాందసం కాదు, అలాగని అన్నీ వదిలేసినవాళ్లూ కాదు. ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి కూర్చుంటారు, అన్నిటా సమానమే.

వేసవిలో శుక్రవారం సాయంత్రం ప్రార్థన బయట పచ్చిక మీద పెడతారు. ఎవరి మడత కుర్చీ వాళ్లు తెచ్చుకుంటారు. జూన్‌లో ఎనిమిదిన్నర దాకా వెలుతురే కాబట్టి పొద్దు ఉండగానే మొదలుపెట్టి గిటారు వాయిస్తూ కీర్తనలు పాడతారు. శుక్రవారం పొద్దు గుంకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా వాళ్ల విశ్రాంతి దినం, దాన్నే షబ్బాత్ అంటారు. అది మొదలయ్యే వేళకి గిటారు పెట్టెలోకి వెళ్లిపోతుంది, ఇక గొంతులే. షబ్బాత్‌ను పెళ్లికూతురిలా ఆహ్వానించే పాట ఒకటుంది, 16వ శతాబ్దంలో గలిలయ కొండల్లోని సఫెద్ ఊళ్లో పుట్టింది. చివరి చరణం దగ్గర అందరూ లేచి పడమటి వైపు తిరిగి వంగి నమస్కరిస్తారు. చంటిపిల్లలు కూడా వంగుతారు. ఎవరూ ఫోన్ తీయరు. మన కార్యక్రమాల్లో హారతి ఇస్తుంటే దేవుడికీ మనకీ మధ్య ముప్ఫై ఫోన్లు లేస్తాయి. నాకు ఎంత కోపం వస్తుందో చెప్పలేను.

శనివారం పొద్దున ప్రార్థన తర్వాత అందరూ కలిసి భోంచేస్తారు. ఒకసారి పులిహోర చేస్తానన్నాను. ఇంట్లో వండి తీసుకెళ్తే వాళ్ల వంటగదిలోకి రానివ్వరు. శుక్రవారం మధ్యాహ్నమే వెళ్లి వాళ్ల గిన్నెల్లో వండాలి, ఎందుకంటే షబ్బాత్ మొదలయ్యాక పొయ్యి వెలిగించకూడదు. వంటగది చూసుకునే ఆవిడ నా సంచిలో ప్రతి డబ్బా తిప్పి చూసింది. ఇంగువ డబ్బా మీద కోషర్ గుర్తు, అంటే వాళ్ల ఆహార నియమాలకి సరిపోతుందన్న గుర్తు, లేదని పక్కన పెట్టింది. కూరగాయల్లో, ఆకుల్లో పురుగు ఉండకూడదని వాళ్ల నియమం. అందుకని కరివేపాకు రెబ్బలు నీళ్లలో నానబెట్టి, ఆకు ఆకూ దూసి, దీపం కింద వెనకా ముందూ తిప్పి చూసింది. నేను నలభై ఏళ్లుగా కరివేపాకు కడుగుతున్నాను కానీ ఆకుని అంత మర్యాదగా ఎవరూ చూడటం చూడలేదు. ఇంగువ లేకపోయినా పులిహోర గిన్నె ఖాళీ అయింది.

మా గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటించే తెలుగు కుటుంబాలు ఉన్నాయని, బెనె ఎఫ్రాయిం అంటారని, 1991 నుంచి వాళ్లకి సినగాగ్ ఉందని నాకు చెప్పింది కూడా ఆ భోజనాల బల్ల దగ్గర ఒక పెద్దాయనే. మన జిల్లా సంగతి మనకి అట్లాంటిక్ అవతల తెలియాల్సి వచ్చింది. తెలుగు పత్రికలు ఇలాంటివి ఎందుకు రాయవో!

ఇక చదువు. వేసవిలో వాళ్ల చదువు తగ్గదు, పెరుగుతుంది. మే, జూన్‌లలో షావువోత్ పండుగ వస్తుంది. ఆ రాత్రంతా మేలుకుని గుంపులు గుంపులుగా చదువుకుంటారు, చీజ్ కేక్ తింటారు, ఆ పండుగలోనే బైబిల్లోని రూతు గ్రంథం చదువుతారు. శనివారం పొద్దు చాలా పొడుగు కాబట్టి సాయంత్రం 'పిర్కే అవోత్' అనే పెద్దల మాటల పుస్తకం చదవడం పాత ఆనవాయితీ. ఆరు అధ్యాయాలు. వసంతంలో వచ్చే పస్కా పండుగ తర్వాత మొదలుపెట్టి, అయిపోతే మళ్లీ మొదటినుంచి, సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే వాళ్ల కొత్త సంవత్సరం దాకా వారానికొకటి చదువుతూనే ఉంటారు. అందులో హిల్లేల్ అనే గురువు మాట: తీరిక దొరికినప్పుడు చదువుకుంటాననకు, ఆ తీరిక నీకు దొరక్కపోవచ్చు. ఆయనదే ఇంకో మాట, సమాజం నుంచి విడిపోకు. రిటైరైన నాలాంటిదానికి రెండూ సూటిగా తగిలాయి.

జతలుగా కూర్చుని గట్టిగా వాదించుకుంటూ చదవడం వాళ్ల పద్ధతి. జూన్‌లో బైబిలు సంఖ్యాకాండంలోని వేగులవాళ్ల కథ వస్తుంది. మోషే కనాను దేశం చూసి రమ్మని పన్నెండు మందిని పంపితే పదిమంది భయపడి వచ్చి చెడ్డ కబురు చెప్పారు. ఆ పదిమందిని దేవుడు 'చెడ్డ సమాజం' అన్నాడు. సామూహిక ప్రార్థనకి కనీసం పదిమంది ఉండాలన్న లెక్క తల్ముద్ అనే ప్రాచీన ధర్మచర్చల గ్రంథంలోని పండితులు అక్కడినుంచే తీశారు. మంచివాళ్ల లెక్క తీసుకోవచ్చు కదా, ఆ పిరికివాళ్ల లెక్కెందుకు అని అడిగాను. "పదిమంది చేరితే చెడగొట్టగలిగినప్పుడు, పదిమంది చేరితే నిలబెట్టనూ గలరు" అంది వదిన. నా వయసుదాన్ని ఎదురు ప్రశ్న వేసినా అక్కడ ఎవరూ నొచ్చుకోలేదు. పైగా సంతోషించారు.

ప్రార్థనకి కావలసిన ఆ పదిమందినే మిన్యాన్ అంటారు. అసలు నేను చెప్పాలనుకున్నది దాని గురించే.

వదిన తండ్రి ఒక చలికాలంలో పోయారు, తొంభై దాటిన మనిషి. తల్లిదండ్రుల కోసం పదకొండు నెలలు కద్దిష్ చెప్పాలి. అది అరమాయిక్ భాషలో ఉండే ప్రార్థన. చావు గురించి అందులో ఒక్క మాట ఉండదు, దేవుడి నామాన్ని స్తుతించడమే. ఒంటరిగా చెప్పడానికి లేదు. పదిమంది ఉండాలి, చెప్పినవాళ్లకి మిగతావాళ్లు ఆమెన్ అనాలి. చలికాలంలో పదిమంది దొరుకుతారు. జూలైలో సగం ఊరు సముద్రతీరంలో ఉంటుంది, రబ్బీ, అంటే వాళ్ల మతగురువు, కూడా సెలవులో ఉంటాడు.

ఒక మంగళవారం సాయంత్రం ఆవిడతో వెళ్లాను. చిన్న ప్రార్థన గది. ఏసీ చలికి నేను శాలువా కప్పుకునే కూర్చున్నాను, ఈ దేశంలో గదుల్ని ఎందుకంత గడ్డకట్టిస్తారో ఇప్పటికీ అర్థం కాదు. గోడ నిండా ఇత్తడి పలకలు, ఒక్కోదాని మీద ఒక పేరు, పక్కన చిన్న బల్బు. మన తిథిలాగే వాళ్లూ తమ పంచాంగం ప్రకారం సంవత్సరీకం చూసుకుంటారు, ఆ వారంలో ఎవరిది వస్తే వాళ్ల బల్బు వెలిగిస్తారు.

వాకర్ పట్టుకుని రోజూ వచ్చే ముసలాయన ఒకడు లేచి లెక్క చూశాడు. మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టడం వాళ్లకి మంచిది కాదు. బైబిలు 28వ కీర్తనలో "నీ జనులను రక్షింపుము" అని మొదలయ్యే ఆఖరి వాక్యం ఉంది, హీబ్రూలో సరిగ్గా పది మాటలు. ఆ వాక్యం పలుకుతూ మాటకొక మనిషి వైపు చూస్తాడు. నా దగ్గరికి వచ్చేసరికి చిన్నగా తల ఊపి, నన్ను దాటి పక్కావిడ మీదికి వెళ్లాడు. నేను యూదురాలిని కాదు, తప్పేమీ లేదు. మనుషులు అయిపోయారు, ఒక మాట మిగిలింది.

ప్రార్థన మొదలుపెట్టలేదు. ఎవరో ఫోన్లో మెసేజ్ పెట్టారు. కిటికీలోంచి ఎండ బల్లల మీదుగా జరుగుతోంది. పొద్దు గుంకితే సాయంకాలపు ప్రార్థన వేళ దాటిపోతుంది. వదిన పుస్తకం తెరిచి ఒక్క పేజీ తిప్పకుండా కూర్చుంది. ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది, ఎవరి ముందూ కన్నీళ్లు పెట్టుకునే మనిషి కాదు. ఆ గదిలో నా ఒంటికి లెక్క లేకపోవడం నాకంత బాధగా ఎప్పుడూ అనిపించలేదు.

అప్పుడు తలుపు తోసుకుని ఒక అమ్మాయి వచ్చింది, ముప్ఫై అయిదేళ్లుంటాయి. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి, కాళ్లకి రబ్బరు చెప్పులు, స్విమ్మింగ్ పూల్ క్లోరిన్ వాసన. ఈత దుస్తుల మీద పొడుగు చొక్కా తగిలించుకుని, పిల్లల్ని మొగుడికి అప్పజెప్పి కారులో వచ్చేసింది. వదినకి ఆ పిల్ల ముఖపరిచయమే, పేరు కూడా సరిగ్గా తెలియదు. ముసలాయన పేజీ నంబరు చెప్పాడు. చివర్లో వదిన లేచి నిలబడి కద్దిష్ చెప్పింది, ఆ పిల్ల అందరితోపాటు ఆమెన్ అంది. అయిపోయాక వదిన చెయ్యి నొక్కి, తడి చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్లిపోయింది. మళ్లీ పూల్‌కే అనుకుంటాను.

భక్తి అంటే అదీ అని నేనంటాను. ఎవరేమన్నా ఈ మాట మార్చుకోను.

మావారు పోయినప్పుడు మా ఇంటికి రాని మనిషి లేడు. పదమూడో రోజు భోజనాలయ్యాయి, షామియానా విప్పారు, కుర్చీలు ఆటోలో వెళ్లిపోయాయి. ఆ తర్వాత నెలనెలా మాసికాలు పెట్టాం, నేనూ మా అబ్బాయీ పురోహితుడూ. మన కర్మకాండలో లోపం ఉందనడం లేదు, మంత్రం చాలా గొప్పది. కానీ నాలుగో నెలలో, అయిదో నెలలో మన దుఃఖానికి పక్కింటివాళ్లు రావాల్సిన అవసరం మన పద్ధతిలో లేదు. ఎవరి ఇంట్లో వాళ్లు ఏడ్చుకోవాలి. అక్కడ మాత్రం ముక్కూమొహం తెలియని మనిషి రాకపోతే పని జరగదు. ఆ కద్దిష్ పద్ధతి పోయినవాళ్ల కోసం బతికున్నవాళ్లని వారం వారం బయటికి లాగి మనుషుల మధ్య నిలబెడుతుంది. మన అపార్ట్‌మెంట్ సంఘాలు వినాయకచవితికి లక్షలు వసూలు చేసే బదులు, ఇల్లు ఖాళీ అయిన మనిషి దగ్గరికి నెలకోసారి పదిమందిని పంపినా చాలు.

వాళ్ల వేసవిలో దుఃఖానికి ఒక కాలమే ఉంది. వాళ్ల పంచాంగంలో తమ్మూజ్ నెల 17 నుంచి తర్వాతి నెల అవ్ 9 దాకా మూడు వారాలు పెళ్లిళ్లు చేయరు, మనకి ఆషాఢంలో లేనట్టే. మా అమ్మాయి పెళ్లికి రెండు పంచాంగాలు ముందేసుకుని ముహూర్తం వెతికేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అవ్ 9న రెండు యెరూషలేము దేవాలయాలూ, మొదటిది బబులోనువాళ్ల చేతిలో, రెండోది క్రీ.శ. 70లో రోమన్ల చేతిలో కూలాయని పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉంటారు. రాత్రి దీపాలు తగ్గించి, నేల మీద కూర్చుని విలాపవాక్యాలు చదువుతారు. మరి వారం తిరక్కుండానే అవ్ పున్నమి. పూర్వం ఆ రోజున యెరూషలేము ఆడపిల్లలు తెల్లబట్టలు కట్టుకుని ద్రాక్షతోటల్లో నాట్యమాడేవారట. అందరూ ఎరువు తెచ్చుకున్న బట్టలే కట్టాలి, లేనివాళ్లు చిన్నబోకూడదని. మిష్నా అనే వాళ్ల పాత ధర్మశాస్త్ర గ్రంథంలో రాసి ఉంది. 2025లో ఆ పున్నమీ మన శ్రావణ పున్నమీ ఒకే రోజు, ఆగస్టు 9. ముందు రోజే వరలక్ష్మీ వ్రతం. పేరంటంలో ఎవరి చీర ఎంత, ఎవరి హారం ఎన్ని గ్రాములని వాకబు చేసే మనవాళ్లందరికీ ఆ ఎరువు బట్టల సంగతి చెప్పాలనిపించింది, చెప్పాను కూడా.

మీరు వెళ్లాలనుకుంటే ముందు ఈమెయిల్ పెట్టండి. 2018లో పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో 11 మందిని కాల్చి చంపాక చాలాచోట్ల తలుపులు తాళం వేసే ఉంటున్నాయి, బయట కాపలా ఉంటుంది. పేరు చెప్పి లోపలికి వెళ్లడానికి చిన్నతనం అనుకోకండి, వాళ్ల భయం నిజమైనది. మగవాళ్లకి తలమీద టోపీ గుమ్మం దగ్గర బుట్టలో ఉంటుంది. శనివారం ఫోన్, పెన్ను బయటికి తీయకండి. పచ్చిక మీద పాటలు శుక్రవారం బాగుంటాయి, వెళ్లండి. కానీ వీలైతే జూలైలో ఒక మామూలు మంగళవారమో బుధవారమో సాయంత్రం కూడా వెళ్లండి. మీరు పదిమందిలో లెక్కకి రారు, అయినా ఆమెన్ అనే చోట అనొచ్చు. వదినని అడిగే చెబుతున్నాను.