ఐస్‌లాండ్ కథని గడ్డి దగ్గర మొదలుపెట్టు

అమ్మలూ,

ఆశీస్సులు. నీ మెసేజ్ నిన్న రాత్రి చూశాను. లైబ్రరీలో పిల్లలకి గంటసేపు ఐస్‌లాండ్ చరిత్ర చెప్పమన్నారనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందనీ రాశావు. పెదనాన్న ముప్ఫై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పాడు కదా అని నన్నడిగావు. అసలు సంగతేమిటంటే, ఆ దేశం గురించి నేను మొదటిసారి చెప్పిన క్లాసు ఘోరంగా పోయింది. 874, 930, 1262, 1944 అని బోర్డు నిండా సంవత్సరాలు రాసేశాను. ఆఖర్న వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "వరి లేదు, గోధుమ లేదు అన్నారు కదా సార్, మరి వాళ్లేం తినేవాళ్లు?" అన్నాడు. చేపలు అని చెప్పి, బెల్లు కొట్టేదాకా ఎలాగో నెట్టుకొచ్చాను.

నువ్వు ఆ కుర్రాడి ప్రశ్నతోనే మొదలుపెట్టు. రొట్టె బదులు ఎండుచేప చీల్చి వెన్న రాసుకుని తినేవాళ్లు. పెరుగులాంటి స్కీర్, గొర్రె మాంసం ఉండేవి. వెన్న కావాలంటే ఆవు బతకాలి, చలికాలమంతా ఆవు బతకాలంటే వేసవిలో కోసి దాచిన ఎండుగడ్డి ఉండాలి. ఆ దేశం కథంతా ఆ గడ్డివాములోంచే బయటికొస్తుంది.

మొదటి కథగా ఫ్లోకీది చెప్పు. నార్వే నుంచి పశువులతో సహా ఓడలో వచ్చాడు. దారి కనుక్కోడానికి మూడు కాకులని వదిలాడట. అవి మన ఊరకాకులు కావు, అంతకన్నా పెద్ద జాతి. దిగినచోట సముద్రపు పాయ నిండా చేపలే. వేసవంతా చేపలు పడుతూ కూర్చున్నాడు, గడ్డి కొయ్యలేదు. చలికాలంలో పశువులన్నీ చచ్చిపోయాయి. వసంతం వచ్చాక కొండెక్కి చూస్తే పక్క పాయ మంచుగడ్డలతో నిండిపోయి కనిపించింది. ఆ కోపంలో పెట్టిన పేరే ఐస్‌లాండ్ అంటారు.

తర్వాత అక్కడే స్థిరపడ్డ ఇంగోల్ఫుర్ ఆర్నార్‌సన్. తీరం కనబడగానే తన ఇంటి పెద్దపీట స్తంభాలని సముద్రంలోకి విసిరి, అవి ఎక్కడ ఒడ్డుకు చేరితే అక్కడే కాపురం పెడతానన్నాడు. చాలామంది కథని ఇక్కడ ఆపేస్తారు. ఆ స్తంభాలని ఏళ్ల తరబడి ఒడ్డు వెంట వెతికిందెవరో కూడా చెప్పు. ఆయన బానిసలు. ఆయనతోపాటు వచ్చిన హ్యోర్‌లైఫుర్ తన బానిసల చేత నాగలి లాగించబోతే వాళ్లు తిరగబడి చంపేశారు, దక్షిణాన ఉన్న దీవులకి పారిపోయారు. వాళ్లు ఐర్లాండ్ మనుషులు, నార్వేకి ఐర్లాండ్ పడమర కదా. పడమటి మనుషుల దీవులు అని అర్థమొచ్చేలా వాటిని ఈనాటికీ వెస్ట్‌మన్ దీవులనే అంటారు. ఆ తొలి తరం ఆడవాళ్లలో సగానికి పైగా ఐర్లాండ్, స్కాట్లాండ్ వైపు వాళ్లేనని డీఎన్‌ఏ పరీక్షల్లో తేలింది. ఇష్టపడి వచ్చినవాళ్లెందరు, పట్టుకొచ్చినవాళ్లెందరు? వైకింగులు, వైకింగులు అని ఊదరగొట్టేవాళ్లు ఈ ప్రశ్న వెయ్యరు. నువ్వు వెయ్యి.

ఇంగోల్ఫుర్ 874లో స్థిరపడ్డాడన్నది పాత పుస్తకాల లెక్క. పెద్దాడు నన్ను వాళ్ల రాజధాని రేక్యవిక్ తీసుకెళ్లినప్పుడు రోడ్డు కింద భద్రపరిచిన ఒక పాత ఇంటి పునాది చూశాను. కోడిగుడ్డు ఆకారంలో పొడుగాటి ఇల్లు, మధ్యలో పొయ్యి, గడ్డి వేళ్లతో సహా మట్టి పెళ్లలు కోసి పేర్చిన గోడలు. అక్కడి మట్టిలో ఒక అగ్నిపర్వతం బూడిద పొర ఉంది. అదే బూడిద గ్రీన్‌లాండ్ మంచులో కూడా చిక్కితే, దాన్నిబట్టి ఆ బూడిద పడింది 871లో, రెండేళ్లు అటూ ఇటూగా అని తేల్చారు. ఆ పొర కింద ఒక గోడ ముక్క తప్ప పెద్దగా ఏమీ లేదు. పిల్లలకి ఈ బూడిద సంగతి చెప్పావంటే సంవత్సరం ఇక మర్చిపోరు.

930లో మొదలైన ఆల్థింగి అనే దేశసభ దగ్గర కాస్త ఆగు. థింగ్‌వెత్లిర్ అనే చోట నేల చీలి గోడలా నిలబడిన నల్లరాళ్ల పక్కన ఏడాదికోసారి, వేసవిలో అందరూ చేరేవాళ్లు. రాజు లేడు. అప్పటికి చట్టం రాతలో లేదు. చట్టం చెప్పే పెద్ద ఒకడు రాతి మీద నిలబడి ఏడాదికి మూడోవంతు చొప్పున మూడేళ్లలో మొత్తం చట్టాన్ని ఒప్పజెప్పేవాడు. మనవైపు వేదం వల్లించినట్టే అనుకో. అయితే 'ప్రపంచంలో మొట్టమొదటి ప్రజాస్వామ్యం' అని మాత్రం అనకు. తీర్మానాలు గోదీలనే పెత్తందార్ల చేతిలో ఉండేవి, బానిసకి నోరు లేదు. పైగా పోలీసు లేడు. తీర్పు నీ వైపు వచ్చినా, దాన్ని అమలు చేసుకోవాల్సింది నువ్వే. నీ వెనక మనుషులుంటే న్యాయం, లేకపోతే లేదు.

క్రైస్తవం కథ పిల్లలకి నచ్చుతుంది. 1000 ప్రాంతంలో రెండు మతాలవాళ్లు కత్తులు దూసుకునేదాకా వచ్చారు. చట్టం చెప్పే పెద్ద థోర్గేర్ పాత మతంవాడు. ఒక పగలూ రాత్రీ దుప్పటి కప్పుకుని పడుకుని, లేచి, అందరూ క్రైస్తవులు కావాలన్నాడు. గుర్రం మాంసం తినడం, రహస్యంగా పాత దేవుళ్లకి బలులివ్వడం లాంటివి కొన్నాళ్లు చూసీచూడనట్టు పోవాలని కూడా చేర్చాడు.

ఆ పెత్తందార్ల కుటుంబాలు బలిసి ఒకరినొకరు నరుక్కున్న కాలం 13వ శతాబ్దం. ఎన్నో పాత కథలు రాసిపెట్టిన స్నోరీ స్టుర్లుసన్‌ని 1241లో ఆయన ఇంటి నేలమాళిగలోనే చంపారు. ఆ గొడవల్లో విసిగి 1262-64 మధ్య నార్వే రాజుకి లోబడ్డారు. ఇక్కడ ఒక్క షరతు మర్చిపోకు: రాజు ఆరు ఓడలు పంపాలి. ఎందుకో పిల్లల్నే అడుగు. వచ్చిన కొత్తల్లో ఉన్న బర్చ్ అడవిని నరికేశారు, మిగిలింది గొర్రెలు మేశాయి, ఓడకి పనికొచ్చే కలప లేదు. ఓడ లేని దీవి ఎవరో ఒకరి మీద ఆధారపడక తప్పదు.

ఆ తర్వాత నార్వేతో పాటు డెన్మార్క్ రాజుల కిందికి పోవడం, 1550లో ఆఖరి కేథలిక్ బిషప్పు యోన్ ఆరాసన్‌నీ ఆయన ఇద్దరు కొడుకుల్నీ తల నరకడం, ఇవి రెండు మాటల్లో చెప్పెయ్యి. బిషప్పుకి కొడుకులేమిటని పిల్లలు అడుగుతారు, అక్కడ అది మామూలే అని చెప్పు.

1602 నుంచి 1787 దాకా డెన్మార్క్ వ్యాపారులు తప్ప ఇంకెవరూ అక్కడ కొనకూడదు, అమ్మకూడదు. ఇది అంకెలతో చెబితే ఎక్కదు. హోల్మ్‌ఫాస్టుర్ అనే పేద రైతు తనకి కేటాయించిన హాఫ్నర్‌ఫ్యోర్దుర్ రేవులో కాకుండా కేఫ్లావిక్‌లో నాలుగు చేపలు అమ్ముకున్నాడని కొరడాతో కొట్టించారు. అది చెప్పు చాలు. అదే డెన్మార్క్ మన తూర్పు తీరానికీ వచ్చింది. 1620లో తమిళనాడులోని తరంగంబాడిలో కోట కట్టింది. ఆ కోటలో కొన్నాళ్లు సిపాయిగా ఉండి, మందుగుండు పేలి గాయపడి, తిరిగి ఐస్‌లాండ్ చేరి తన కథ రాసుకున్నవాడు యోన్ ఓలాఫ్‌సన్. అతణ్ని వాళ్లు ఇప్పటికీ 'ఇండియా యోన్' అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. అవకాశం దొరికిన ప్రతిసారీ నేనిది చెబుతాను, నువ్వూ చెప్పు.

1783 జూన్‌లో లాకి అనే అగ్నిపర్వతపు చీలిక పగిలి ఎనిమిది నెలలు లావా కక్కింది. లావా కన్నా ఎక్కువ చంపింది గడ్డే. విషవాయువులు పచ్చిక మీద పేరుకుని, అది మేసిన గొర్రెలకి ఎముకలూ పళ్లూ వికారంగా పెరిగాయి. గొర్రెల్లో నూటికి ఎనభై దాకా పోయాయి, ఆ వెనకే వచ్చిన కరువులో మనుషులు ఐదింట ఒకరు పోయారు. అంతకు ఎనభై ఏళ్ల ముందు, 1703లో, పేరుపేరునా జనాభా లెక్క తీస్తే మొత్తం 50,358 మందే. ఆ లెక్కని పక్కన పెట్టి చెబితే దెబ్బ ఎంతటిదో తెలుస్తుంది.

ఇక స్వాతంత్ర్యం. మన సత్యాగ్రహంలాగా, విప్లవంలాగా చెప్పాలని చూడకు, అక్కడ ఆ కథ లేదు. యోన్ సిగుర్‌ద్‌సన్ కోపెన్‌హాగెన్‌లో పాత కాగితాల మధ్య బతికిన పండితుడు. ఆయన వాదన వకీలు వాదనలా ఉంటుంది: 1262లో మేము రాజుతో ఒప్పందం చేసుకున్నాం, డెన్మార్క్ ప్రజలతో కాదు. రాజు 1848లో నిరంకుశ అధికారం వదులుకున్నాడు కాబట్టి ఆ అధికారం మాకే తిరిగి రావాలి. 1851లో ఐస్‌లాండ్ ప్రతినిధుల సభని రాజు తరఫు అధికారి అర్ధాంతరంగా ముగించేస్తే యోన్ లేచి నిరసన తెలిపాడు, సభ్యులంతా 'మేమంతా నిరసిస్తున్నాం' అని గొంతు కలిపారు. తర్వాత 1874లో రాజ్యాంగం, 1904లో స్వపరిపాలన, 1918లో ఒకే రాజు కింద రెండు దేశాలు.

చివరి మెట్టు దగ్గర నిజం దాచకు. 1940 ఏప్రిల్‌లో జర్మనీ డెన్మార్క్‌ని ఆక్రమించింది, మే 10న బ్రిటిష్ సైన్యం ఐస్‌లాండ్‌లో దిగింది. 1918 ఒప్పందం గడువు ముగిసేసరికి డెన్మార్క్ ఇంకా జర్మన్ల చేతిలోనే ఉంది. రాజు కష్టంలో ఉండగా విడిపోవడం పద్ధతేనా అని అక్కడివాళ్లలోనే కొందరు అన్నారు. అయినా 1944 మేలో ఓటింగు పెడితే నూటికి 98 మంది ఓటేశారు, దాదాపు అందరూ విడిపోదామన్నారు. జూన్ 17న, యోన్ సిగుర్‌ద్‌సన్ పుట్టినరోజున, అదే థింగ్‌వెత్లిర్‌లో జోరువానలో రిపబ్లిక్ ప్రకటించారు. రాజు పదో క్రిస్టియన్ శుభాకాంక్షలు చెబుతూ పంపిన టెలిగ్రామ్‌ని అక్కడే చదివి వినిపించారు.

ఉచ్చారణ ఒకటి చూసుకో. అది జాన్ కాదు, యోన్. సిగుర్‌ద్‌సన్ ఇంటిపేరు కాదు, సిగుర్దుర్ కొడుకు అని అర్థం, కాబట్టి యోన్ అనే చెప్పు. మ్యాపు ఒకటే వేలాడదీసుకో. స్లైడ్లు వద్దు, కరెంటు పోతే కంగారు పడతావు.

అయ్యాక ఫోన్ చెయ్యి. ఎవరేం అడిగారో రాసిపెట్టుకో, నాక్కావాలి.

మీ పెదనాన్న