భాషా సందేహాలు: ‘సమహ’ అంటే రానివ్వడమా, మన్నించడమా?

ప్రశ్న: నర్సుగా రియాద్ వెళ్లాలని అరబ్బీ నేర్చుకుంటున్నాను. ‘ఆయన నన్ను లోపలికి రానిచ్చాడు’ అనే వాక్యాన్ని ‘సమహనీ’ అని మొదలుపెడితే మా ఉపాధ్యాయుడు తప్పన్నారు, ‘సమహ లీ’ అనాలన్నారు. కారణమేమిటి? ‘దయచేసి’ అనే అర్థంలో వాడే ‘లౌ సమహ్త్’లో ఉన్నదీ ఈ క్రియేనా?
– ఒక పాఠకురాలు, మెహిదీపట్నం, హైదరాబాద్

జవాబు: తెలుగువారికి ఈ పొరపాటు రావడం సహజం. ‘నన్ను రానిచ్చాడు’ అనడం మనకు అలవాటు కనుక, అరబ్బీలోనూ క్రియకు ‘నన్ను’ అనే అర్థమిచ్చే ‘నీ’ తగిలించాలనిపిస్తుంది. మనసులో ‘నాకు అనుమతి ఇచ్చాడు’ అని మార్చుకుంటే చిక్కు విడిపోతుంది. అనుమతి పొందినవారికి ముందు ‘లి’, అనుమతి దొరికిన పనికి ముందు ‘బి’ వస్తాయి: ‘సమహ లీ బిద్దుఖూల్’, అంటే లోపలికి రావడానికి నాకు అనుమతి ఇచ్చాడు. ఈ ధాతువులో ఉదారత అనే భావం కూడా ఉంది. మన ‘రానిచ్చు’, ‘పోనిచ్చు’లలో ‘ఇచ్చు’ ఉన్నట్టే, అక్కడా అనుమతి ఒక ఈవిగానే కనిపించడం నాకెంతో ఇష్టమైన విషయం.

‘సమహనీ’ అంటే మరో ఇబ్బంది ఉంది. మొదటి అక్షరం కాస్త సాగితే అది ‘సామహనీ’, అంటే ‘నన్ను మన్నించాడు’ అవుతుంది. అందుకే క్షమాపణ అడిగేటప్పుడు ‘సామిహ్నీ’ అని దీర్ఘంతో, అనుమతి అడిగేటప్పుడు ‘ఇస్మహ్ లీ’ అని హ్రస్వంతో పలకాలి. చివరి ‘హ్’ మన హకారం కాదు, గొంతు లోపలినుంచి గట్టిగా వచ్చే ఊపిరి. దాన్ని మింగేస్తే ఎదుటివారికి ‘ఇస్మఅ్’, అంటే ‘విను’ అని వినిపించవచ్చు, అప్పుడు వేడుకోలు కాస్తా ఆజ్ఞ అవుతుంది.

‘లౌ సమహ్త్’లో ఉన్నదీ ఇదే క్రియ, ‘మీరు అనుమతిస్తే’ అని దాని అర్థం. పురుషుడితో ‘లౌ సమహ్త్’, స్త్రీతో ‘లౌ సమహ్తి’ అనాలి. రోగి పడకచుట్టూ ఉన్న తెర తీసేముందు, రక్తపోటు చూడటానికి చెయ్యి పట్టుకునేముందు ఈ రెండు మాటలూ నెమ్మదిగా అనండి, స్త్రీతో అయితే చివరి ‘తి’ని మాత్రం వదలకండి. ఒక పని చేయవచ్చో లేదో తెలుసుకోవాలంటే ‘మస్మూహ్?’ అని అడిగితే చాలు, కూడదంటే ‘మమ్నూఅ్’ అంటారు.

హైదరాబాద్ వారికి ప్రత్యేకంగా ఒక జాగ్రత్త చెప్పాలి. పాతబస్తీ ఉర్దూలో అనుమతికి ‘ఇజాజత్’ అంటారు, ఆ మాటా అరబ్బీనుంచి వచ్చిందే. కానీ నేటి అరబ్బీ కార్యాలయాల్లో ‘ఇజాజా’ అంటే ఎక్కువగా ఉద్యోగి పెట్టే సెలవు, కనుక గది తలుపు దగ్గర నిలబడి ఆ మాట అంటే మీరు సెలవు అడుగుతున్నారనుకునే అవకాశం ఉంది. మనం ‘సెలవు తీసుకుంటాను’ అని లేచే సందర్భానికి మాత్రం అక్కడ ఈ రెండూ కాక వేరే మాట ఉంది: ‘అన్ ఇద్నక్’, స్త్రీతో అయితే ‘అన్ ఇద్నిక్’.