బ్యాండు వదిలేసి ఫిజిక్స్ ప్రొఫెసర్ అయినవాళ్ళు నిజంగా ఉన్నారా?

మీరు అడిగింది ఇదీ: శ్రీకాకుళంలో బీఎస్సీ ఎంపీసీ అయ్యాక మూడేళ్ళు బ్యాండులో గిటార్ వాయించారు. లెక్కల్లో మార్కులు అంతంతమాత్రం. ఇప్పుడు గిటార్ అమ్మేసి, ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో చేరి, కాలేజీలో పాఠం చెప్పాలనుంది. నాన్నగారేమో "పాటలు వాయించుకునేవాడు పాఠాలేం చెబుతాడు" అంటున్నారు.

ఇలాంటి ప్రశ్నకి చాలామంది క్వీన్ బ్యాండు గిటారిస్టు బ్రయాన్ మే పేరు చెబుతారు. నేను చెప్పను. ఆయన 1970లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో పీహెచ్‌డీ మొదలుపెట్టి, బ్యాండు కోసం మధ్యలో ఆపేసి, 2007లో పూర్తిచేశాడు. గొప్ప సంగతే. కానీ అప్పటికి ఆయనకి ఉద్యోగంతో పనిలేదు. తర్వాత లివర్‌పూల్‌లో ఓ యూనివర్సిటీకి చాన్సలర్ అయ్యాడు గానీ, అది గౌరవ పదవి. పొద్దున్నే అటెండెన్స్ తీసుకునే కొలువు కాదు.

మీకు పనికొచ్చేది ఇంగ్లండు ఫిజిక్స్ ప్రొఫెసర్ బ్రయాన్ కాక్స్ జీవితం. 1968లో ఇంగ్లండులోని ఓల్డమ్‌లో పుట్టాడు. మన ఇంటర్ లాంటి పరీక్షలో ఆయనకి లెక్కల్లో వచ్చింది డి గ్రేడు. డేర్ అనే రాక్ బ్యాండులో కీబోర్డు వాయిస్తూ రెండు ఆల్బమ్‌లు చేశాడు. అది వదిలాక, 23 ఏళ్ళ వయసులో మాంచెస్టర్ యూనివర్సిటీలో ఫిజిక్స్ డిగ్రీకి మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టాడు. వాయించడం మానలేదు. డి:రీమ్ బ్యాండుతో టూర్లకి వెళ్ళేవాడు. 1994లో వాళ్ళ పాట బ్రిటన్‌లో నంబర్ వన్ అయ్యేనాటికి ఇతను ఇంకా స్టూడెంటే. తర్వాత జర్మనీలోని హాంబర్గ్‌లో హెరా అనే యాక్సిలరేటర్ (కణాల్ని వేగంగా ఢీకొట్టించే యంత్రం) ప్రయోగాల మీద పీహెచ్‌డీ, ఆపైన జెనీవా దగ్గర సెర్న్ అనే కణభౌతిక ప్రయోగశాలలో అట్లాస్ ప్రయోగం, చివరికి మాంచెస్టర్‌లోనే ప్రొఫెసర్. 2009లో జెఫ్ ఫోర్షాతో కలిసి ఐన్‌స్టీన్ E=mc² సమీకరణాన్ని మామూలు జనానికి విడమరిచే పుస్తకం రాశాడు. జనానికి తెలిసిన టీవీ మనిషి కావడం ఇదంతా అయ్యాకే. ఆ డి గ్రేడుకీ ప్రొఫెసర్ కుర్చీకీ మధ్య ఎన్నేళ్ళు గడిచాయో చూడండి. మీరు లెక్కేసుకోవాల్సింది అదే.

నా సంగతికొస్తే, విజయనగరంలో ఆర్కెస్ట్రా పార్టీలో కీబోర్డు వాయించేవాణ్ణి. మేం రాక్ బ్యాండనే అనుకునేవాళ్ళం, పెళ్ళివారు మాత్రం చిరంజీవి పాటలే అడిగేవారు. దసరా తర్వాత మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం. ఆ చుట్టుపక్కల రోజుల్లో, వేసవి పెళ్ళిళ్ళలో ఊపిరాడేది కాదు. ఆషాఢంలో, మూఢంలో మాత్రం బయానాలుండేవి కావు. నేను లెక్కలు నేర్చుకున్నది ఆ ఖాళీల్లోనే. ఎమ్మెస్సీలో మ్యాథమెటికల్ ఫిజిక్స్ పేపరు అందరినీ భయపెడుతుంది. నేను తిన్నగా దాని మీద పడకుండా తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలు తీసి కాలిక్యులస్ మళ్ళీ మొదటి లెక్క నుంచి చేశాను. మా డ్రమ్మరు చూసి "ఏటి బావా, మళ్ళీ ఇంటర్ రాస్తున్నావేటి?" అని ఒకటే నవ్వు. నవ్వితే నవ్వాడు గానీ, ఆ పని చెయ్యకపోతే ఎమ్మెస్సీ గట్టెక్కేది కాదు.

లెక్చరర్నయ్యాక స్టేజీ అనుభవం ఎంత పనికొచ్చిందో చెప్పలేను. వెనక బెంచీలు గోల చేస్తే కొత్త లెక్చరర్లు గొంతు పెంచుతారు. స్టేజీ మీద వాల్యూమ్ పెంచినకొద్దీ జనం ఇంకా గట్టిగా మాట్లాడతారని నాకు ముందే తెలుసు. అందుకే మాట ఆపేసి నిలబడేవాణ్ణి. స్థిరతరంగాల పాఠానికి గిటార్ పట్టుకెళ్ళేవాణ్ణి. 'A' స్వరం పలికే ఐదో తీగని ఎక్కడా నొక్కకుండా మీటితే 110 హెర్ట్జ్, అంటే సెకనుకి 110 కంపనాలు. అదే తీగని సరిగ్గా సగం దగ్గర, పన్నెండో ఫ్రెట్ మీద నొక్కి మీటితే 220. పొడవు సగమైతే పౌనఃపున్యం రెట్టింపు అని బోర్డు మీద రాసేలోపే పిల్లలు చెప్పేసేవారు.

నాన్నగారి మాటకి జవాబు మా ఊళ్ళోనే ఉంది. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. గజ్జె కట్టి హరికథ చెప్పే మనిషి. ఒమర్ ఖయ్యాం రుబాయీలని సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చింది కూడా ఆయనే. వయొలిన్ ద్వారం వెంకటస్వామి నాయుడు ఆ కాలేజీలో విద్యార్థిగా చేరడానికి వస్తే, వాయిద్యం విని ఏకంగా అధ్యాపకుడిగా పెట్టుకున్నారని చెబుతారు. అయితే ఆయన నేర్పింది సంగీతమే కాబట్టి నేర్చిన విద్యే ఆయనకి అర్హత అయింది. మీకు ఫిజిక్స్‌లో అలాంటి దగ్గరిదారి దొరకదు.

ఇక చెయ్యాల్సినవి. పీజీ ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్ రాసి ఎమ్మెస్సీలో చేరండి. మార్కులు 55 శాతం కంటే తగ్గనివ్వకండి, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకి అది కావాలి (ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ కాని ఓబీసీ, దివ్యాంగులకి 50). తర్వాత లెక్చరర్ అర్హత పరీక్ష రాయాలి, దేశమంతటికీ ఉండే సీఎస్ఐఆర్ నెట్ గానీ మన రాష్ట్రం ఏపీసెట్ గానీ. నెట్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకి వయసు పరిమితి లేదు. పరిశోధనకి ఫెలోషిప్పు ఇచ్చే జేఆర్‌ఎఫ్‌కి మాత్రం ఉంది, కాబట్టి సాగదీయొద్దు. ప్రైవేటు డిగ్రీ కాలేజీలో మొదటి జీతం చూస్తే ఏడుపొస్తుంది, పెళ్ళిళ్ళ సీజనులో నేను అంతకంటే ఎక్కువే తెచ్చుకునేవాణ్ణి. అందుకే గిటార్ అమ్మొద్దంటున్నాను. శని, ఆదివారాల ప్రోగ్రాములు ఒప్పుకోండి, వాటితో హాస్టల్ ఖర్చు వెళ్ళిపోతుంది. సెమిస్టర్ పరీక్షల నెలలో మాత్రం ఎవరెంత బతిమాలినా బయానా పుచ్చుకోకండి.