ఆల్‌దో ఉన్న వాక్యంలో బట్ ఎందుకు వద్దు?

'ఆల్‌దో ఇట్ వాజ్ రెయినింగ్, బట్ వుయ్ వెంట్ అవుట్' అని రాస్తే తప్పన్నారని, ఎందుకో అర్థం కాలేదని అడిగారు కదా. మీ భావం సరిగ్గానే ఉందండీ. ఇబ్బందల్లా ఒకే పనికి రెండు కంజంక్షన్లు (వాక్యాలను కలిపే పదాలు) పెట్టడమే. ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలను కలపడానికి ఒకటి చాలు. ఆల్‌దో ఉంచుకుంటే బట్ తీసేయండి, కామా మాత్రం ఉండాలి. బట్ కావాలనుకుంటే 'ఇట్ వాజ్ రెయినింగ్, బట్ వుయ్ వెంట్ అవుట్' అనండి. మాట్లాడేటప్పుడు ఇదే సహజంగా ఉంటుంది.

ఇలాంటి అర్థమే ఇచ్చే డిస్పైట్ దగ్గర ఇంకాస్త జాగ్రత్త అవసరం. అది ప్రిపొజిషన్ (నామవాచకానికి ముందు వచ్చే పదం), కాబట్టి దాని తర్వాత 'ఇట్ వాజ్ రెయినింగ్' లాంటి పూర్తి వాక్యం రాదు. నామవాచకమో, ఐఎన్‌జీ రూపమో రావాలి: 'డిస్పైట్ ద రెయిన్, వుయ్ వెంట్ అవుట్'. 'డిస్పైట్ ఆఫ్' అని చాలామంది రాసేస్తుంటారు, అది తప్పు. ఆఫ్ వచ్చేది 'ఇన్ స్పైట్' తర్వాతే.

హౌఎవర్ అసలు కంజంక్షనే కాదు, క్రియావిశేషణం. అందుకే రెండు వాక్యాల మధ్య వాడితే దాని ముందు కామా సరిపోదు, ఫుల్‌స్టాపో సెమికోలనో పెట్టాలి.

వేరాజ్ మాత్రం వేరు. అనుకోనిది జరిగిందని కాకుండా, ఇద్దరినో రెండు విషయాలనో పోల్చి తేడా చెప్పాలంటే దాన్ని వాడండి: 'షి లైక్స్ టీ, వేరాజ్ ఐ లైక్ కాఫీ'. మీ వర్షం వాక్యానికి అది నప్పదు.